మొగిలమ్మ గుండె నంబర్

ఎండుమిర్చి ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్లు ముక్కుకూ నోటికీ పాత చీర ముక్క కట్టుకుని కూర్చుంటారు. కళ్లు తప్ప ఏమీ కనిపించవు. అయినా వరంగల్ మార్కెట్ వెనక ఉన్న ఆ గోదాములో మొగిలమ్మ ఎవరో కొత్తవాళ్లు కూడా ఇట్టే పోల్చుకుంటారు. ఘాటుకు అందరూ దగ్గుతుంటే, ఆ దగ్గుల మధ్యలోంచి వినిపించే మాట ఆమెది. ఎండుకాయ అందుకోవడం, బొటనవేలితో ముచ్చిక తుంచడం, కాయను ఒక కుప్పలోకీ ముచ్చికను ఇంకో కుప్పలోకీ విసరడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. నోరు దాని పని అది చేసుకుపోతుంది.

ఆమెది వర్ధన్నపేట దగ్గర పల్లె. భర్త సారయ్య బస్తాలు మోసి మోసి నడుము పోగొట్టుకుని ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఇల్లు నడిచేది మొగిలమ్మ రెక్కల మీదే. మిర్చి సీజన్ వస్తే ఊళ్లోని ఆడవాళ్లతో కలిసి పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కుతుంది, దీపాలు పెట్టే వేళకు దిగుతుంది. ఆటోలోనూ, గోదాములో పరిచిన టార్పాలిన్ పరదా మీదా ఆమె పక్కన కూర్చునేది ఫాతిమా బేగం. వయసులో చిన్నది, ఒకే వాడ మనిషి. మొగిలమ్మను అక్కా అంటుంది. పచ్చడి ఒకరిది, రొట్టె ఇంకొకరిది.

రెండేళ్ల కింద మొగిలమ్మ మాటలు తగ్గాయి. ఆ సంగతి మొదట పట్టుకున్నది ఫాతిమాయే. ఆటో ఎక్కడానికే ఆయాసం. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. ఫాతిమా పోరు పడలేక నగరంలోని పెద్ద దవాఖానకు వెళితే, గుండె కండరం సాగిపోయి బలహీనపడిందని తేల్చారు. బాగా కొట్టుకోలేని గుండె వెనక నీరు నిలుస్తుంది. ఆ నీరు కాళ్లలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. దానికి కొన్ని మాత్రలు రాశారు. అందులో ఒకటి నీళ్ల గోలి. ఒంట్లో నిలిచిన నీటిని మూత్రంగా బయటికి పంపేది.

అక్కడే ఆమెకు డాక్టర్ హారిక పరిచయమైంది. చిన్న వయసు, పై చదువు చదువుతోంది. గుండె బలహీనపడినవాళ్లలో ఎవరికి ముందు ముందు ప్రమాదం ఎక్కువో రక్తం చూసి చెప్పవచ్చా అని ఆ విభాగంలో ఒక అధ్యయనం జరుగుతోంది. బయట చేయించుకోవాలంటే కూలి మనుషులకు అందని పరీక్ష అది. ఇక్కడ అధ్యయనంలో చేరినవాళ్లకు ఊరికే చేస్తున్నారు. పరీక్షకు నోరు తిరగని ఇంగ్లీషు పేరు ఒకటుంది. హారిక ఆ పేరు పక్కన పెట్టి చెప్పింది.

"గుండె మీద నీళ్ల బరువు పడి అది సాగినప్పుడు, రక్తంలోకి ఒక పదార్థం వదులుతుందమ్మా. ఎంత సాగితే అంత ఎక్కువ. దాన్నే మేం కొలుస్తాం."

మొగిలమ్మ దాన్ని తన మాటల్లోకి తిప్పుకుంది. "అంటే గుండె మొత్తుకుంటాంది అన్నట్టు. ఎంత మొత్తుకుంటే అంత నంబరు."

"అంతే. నంబర్ ఎక్కువున్నవాళ్లకు మళ్లీ దవాఖానలో చేరాల్సిన అవసరం, ప్రాణం మీదికి వచ్చే భయం ఎక్కువ. తగ్గుతూ వస్తే మంచిది."

"మా మార్కెట్ల ధర నంబరు ఎక్కువొస్తే దావత్ చేసుకుంటరు బిడ్డా. మీ కాడ ఉల్టా ఉన్నది."

అప్పుడొచ్చిన అంకె అయిదు వేలు దాటింది. మాత్రలు వాడింది. వానాకాలంలో మిర్చి పని ఉండదు కాబట్టి ఊళ్లోనే పత్తి చేలల్లో కలుపు తీసింది. దసరా దగ్గరపడ్డాక పరీక్ష చేస్తే రెండు వేల లోపలికి దిగింది. హారిక సంబరపడింది. మొగిలమ్మ మాటలు తిరిగొచ్చాయి. ఆటోలో ఫాతిమా చెవులు మూసుకునే రోజులు తిరిగొచ్చాయి.

మిర్చి సీజన్ మొదలైంది. మళ్లీ పరీక్ష చేస్తే అంకె ఏడు వేల దగ్గరికి ఎగబాకింది.

ఈసారి రిపోర్టు పెద్ద డాక్టర్ రాజేశ్వర్ రావు చేతికి వెళ్లింది. ఆయన మంచివాడే. పేషెంట్ల మీద కేకలు వేసే రకం కాదు. కాకపోతే ఆయన గది బయట కారిడార్ చివరిదాకా మనుషులు నిలబడి ఉంటారు. రిపోర్టు చూసి, హారికతో ఇంగ్లీషులో రెండు మాటలు అన్నాడు. మొగిలమ్మకు మాటలు తెలియలేదు కానీ హారిక ముఖం తెలిసింది. తర్వాత ఆయనే మొగిలమ్మతో తెలుగులో చెప్పాడు.

"జబ్బు ముదురుతోందమ్మా. నీళ్ల గోలి రెండు పూటలా చేస్తున్నా, పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి. నెల తర్వాత చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే అడ్మిట్ కావాలి. పని కూడా మానెయ్యాలి."

"పని మానేస్తే గోలీలు దేంతోని మింగాలె సారూ? గాలితోనా?"

తర్వాతి మనిషి అప్పటికే లోపలికి వచ్చేశాడు.

ఈ సంగతి గోదాము మేస్త్రీ ఎల్లస్వామి చెవిన పడింది. ఆడవాళ్లను పనికి కుదిర్చేదీ, సేటు రమాకాంత్‌కు జవాబు చెప్పేదీ అతనే. పరదా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మొగిలమ్మా, నీకు గుండె ఖరాబైందట గదా. రేపు నువ్వు ఈ కుప్పల మీద పడిపోతే సేటు నన్ను బతకనియ్యడు. నెలకు పరీక్ష ఉన్నదంటన్రు. మంచిగున్నదని చిట్టీ తెస్తే కూసో. లేకుంటే ఇంటికాడ పండుకో."

అంటే ఆ రక్తపరీక్ష ఇప్పుడు రెండింటికి తీర్పు చెప్పాలి. మొగిలమ్మ బతుకుతుందా అన్నది ఒకటి. బతికినన్నాళ్లు తిండి తినగలదా అన్నది రెండోది. అంకె తగ్గాలి. ఆమెకు తెలిసిన దారిలో తగ్గించడానికి కూర్చుంది.

ఆమెకు తెలిసిన దారి ఇది. డాక్టర్లు నీళ్లు తక్కువ తాగమన్నారు. ఒంట్లో నీరే కదా జబ్బు. అయితే పగలంతా చుక్క నీళ్లు ముట్టకపోతే సరి. నీళ్లే తాగనప్పుడు నీళ్ల గోలి దేనికి? గోదాముకు వచ్చే రోజుల్లో గోలి మానెయ్యి, నోరు కట్టుకో. లెక్క సరిపోయింది.

ఇది మొగిలమ్మ ఒక్కదాని తెలివితక్కువతనం అనుకునేవాళ్లు ఒకసారి ఆ గోదాము దాకా వెళ్లి రావాలి. అంత పెద్ద గోదాములో మూత్రశాల ఒక్కటే. సేటు గది పక్కన. దానికి తాళం. తాళం చెవి సేటు టేబుల్ మీద ఉంటుంది. సేటుకు, గుమాస్తాలకు, సరుకు చూడడానికి వచ్చే వ్యాపారులకు అది. ముచ్చికలు తీసే యాభై అరవై మంది ఆడవాళ్లకు వెనక గోడ అవతల తుమ్మకంప ఉంది. ఆ కంప పక్కనే లారీలు ఆగుతాయి. డ్రైవర్లు, క్లీనర్లు అక్కడే వంట చేసుకుంటారు. అందుకని ఆడవాళ్లు ఎవరూ ఒక్కరే వెళ్లరు. వెలుతురు తగ్గాక నలుగురైదుగురు కలిసి, ఒకరికొకరు చీర కొంగులు అడ్డం పట్టుకుని వెళ్లి వస్తారు. అప్పటిదాకా బిగబట్టుకోవాలి. బిగబట్టుకోవాలంటే తాగకూడదు. ఎన్నో ఏళ్లుగా అక్కడి ఆడవాళ్లందరూ దాహాన్ని అట్లా మచ్చిక చేసుకున్నారు.

ఇంకొకటి కూడా ఉంది. చెప్పడానికి మొహమాటపడితే ఇది ఎవరికీ తెలియదు. మిర్చి తుంచిన చేతులతో ఒంటికి వెళ్లి, చీర సర్దుకుంటే ఆ మంట గంటల తరబడి ఒంటిని కాలుస్తుంది. తర్వాత కాదు, ముందే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తుమ్మకంప దగ్గర నల్లా ఎక్కడిది?

అట్లాంటి చోట, మింగిన అరగంటకు మొదలుపెట్టి గంటకు రెండుసార్లు లేపే గోలిని ఏ ఆడమనిషి వేసుకుంటుంది? పత్తి చేనులో మొగిలమ్మ వేసుకుంది. అక్కడ మొక్కలు నడుము దాకా ఉన్నాయి, చాటు ఉంది, చేతులకు మిర్చి లేదు. వానాకాలంలో అంకె దిగి, మిర్చి కాలంలో ఎక్కిందంటే కారణం అదే. ఇందులో రహస్యం ఏమీ లేదు. అడిగినవాళ్లు లేరు, అంతే.

పగలంతా ఎండిన మనిషి ఇంటికి వెళ్లగానే చెంబెడు నీళ్లు ఎత్తి గటగటా తాగేది. దాని మీద ఉప్పు, కారం నిండిన తొక్కుతో అన్నం. పాదాలు మళ్లీ ఉబ్బాయి. పదిహేను రోజులకే ముచ్చికలు తీస్తూ తీస్తూ ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. పక్కవాళ్లను నవ్వించడం మానేసింది. ఫాతిమా ఓర్చుకోలేకపోయింది. మార్కెట్‌కు సెలవు వచ్చిన రోజు ఆమెను బలవంతంగా బస్సెక్కించి దవాఖానకు తీసుకొచ్చింది.

హారిక పాదం మీద వేలితో నొక్కి చూసింది. గుంట పడి అట్లాగే ఉండిపోయింది.

"గోలీలు రెండు పూటలా వేసుకుంటున్నారా అమ్మా?"

"వేసుకుంటాన బిడ్డా."

"ఝూట్!" అంది పక్కనుంచి ఫాతిమా.

"నువ్వు నోర్మూసుకో ఫాతిమా."

"మూసుకుంటే నిన్ను ఎవరు మోసుకపోవాలె అక్కా? మేడం, ఈమె గోదాంల ఉన్నప్పుడు గోలి ముట్టది. పొద్దటిది లేదు, పగటిది లేదు. నీళ్లు తాగది. పొద్దుగూకినంక బావి మొత్తం తాగుతది."

మొగిలమ్మ తల దించుకుంది. హారిక కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎందుకమ్మా?"

మొగిలమ్మ చిన్నగా అంది. "యాడికి పోవాలె బిడ్డా?"

"అంటే?"

"గోలి మింగినంక ఊకె ఒంటికి వస్తది. యాడికి పోవాలె? పెద్ద సారు మొగాయన. ఆయన ముందట గిది చెప్పుకోవాల్నా? ఎనుక లైన్ల ఇరవై మంది ఇంటాన్రు."

తర్వాత ఫాతిమా అన్నీ చెప్పింది. తాళం, తుమ్మకంప, లారీలు, చేతుల మంట. హారిక వింటూ కూర్చుంది. ఆమె అధ్యయనంలో వయసు రాసే చోటు ఉంది. షుగర్, బీపీ, కిడ్నీ, గుండె ఎంత బలంగా కొట్టుకుంటోంది, అన్నీ ఉన్నాయి. మాత్రలు వేసుకుంటున్నారా అని కూడా ఉంది, వేసుకుంటున్నాం అన్న జవాబు పక్కన టిక్కు కూడా ఉంది. మాత్ర వేసుకున్నాక ఎక్కడికి వెళ్తారు అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్న లేని అధ్యయనాలు ఈ దేశంలో ఎన్ని జరుగుతున్నాయో, అందులో ఎందరు మొగిలమ్మలు 'జబ్బు ముదిరింది' అన్న గడిలో పడి పోతున్నారో ఎవరు చెప్పాలి?

"పొద్దున అయిదింటికే వేసుకుంటే?" అని అడిగింది హారిక.

"ఆరింటికి ఆటో ఎక్కుతం. సగం తొవ్వల ఆపుమంటే డ్రైవర్ ఒకసారి ఆపుతడు, రెండోసారి తిడతడు."

"సాయంత్రం ఇంటికి వెళ్లాక రెండూ?"

అని తనే తల అడ్డంగా ఊపింది. నిద్ర లేకుండా రాత్రంతా లేచి తిరిగితే ఆ గుండె ఇంకా అలిసిపోతుంది. పొద్దటిది ఎట్లాగో సర్దినా మధ్యాహ్నపు గోలి గోదాములోనే వేసుకోవాలి. తప్పదు.

"ఇవాళ రక్తం తీయను. తీస్తే ఎక్కువే వస్తుంది. మూడు వారాలు గోలీలు సరిగా వేసుకుని రండి, అప్పుడు తీద్దాం. ఇంకో మాటమ్మా. నీళ్లు మానేయడం మందు కాదు. పగలు కొద్ది కొద్దిగా తాగాలి, సాయంత్రం ఒక్కసారే చెంబు ఎత్తకూడదు. తొక్కు తగ్గించాలి."

"తొక్కు లేకుంటే బువ్వ ఎట్ల దిగుతది?" అంది మొగిలమ్మ. అన్నింటికంటే ఆ మాటే ఆమెకు కష్టంగా తోచినట్టుంది.

హారిక మందుల చీటీ రాసింది. నీళ్ల గోలి, రెండు పూటలు. దాని కింద పెద్ద అక్షరాలతో తెలుగులో ఇంకో వాక్యం రాసింది: ఈ మాత్ర వాడుతున్నంత కాలం పని చేసే చోట మూత్రశాల, చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు తప్పనిసరి. సంతకం చేసి స్టాంపు కొట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆ చీటీ ఎల్లస్వామి చేతిలో పెట్టింది ఫాతిమా. అతను గట్టిగా చదివి, హమాలీలకు కూడా వినపడేలా నవ్వాడు.

"ఈ మందు ఏ మెడికల్ షాపుల దొరుకుతదే?"

"షాపుల దొరకదన్నా," అంది మొగిలమ్మ. "మీ సేటు టేబుల్ మీద దొరుకుతది."

ఎల్లస్వామి నవ్వు ఆగింది. "మీరంత మిర్చి చేతులతోని పోతే తలుపు, నల్లా అన్నీ ఘాటైతయి. వచ్చే పెద్దమనుషులు ఏమనుకుంటరు?"

"వాళ్ల తలుపుకు ఘాటు తలుగుతదని ఫికర్ చేస్తానవ్," అంది ఫాతిమా. "మా ఒంటికి తలుగుతదని ఎన్నడన్న ఫికర్ చేసినవా?"

ఆ మాట దగ్గర పరదా మీద చేతులు ఆగాయి. మొదట తిరుమలవి. కాన్పై ఆరు నెలలు కాలేదు ఆమెకు, మూత్రంలో మంట తగ్గక రెండుసార్లు దవాఖానకు వెళ్లి వచ్చింది. తర్వాత నెక్కొండ నుంచి వచ్చే ముసలామెవి. కిడ్నీలో రాళ్లని ఎవరికీ చెప్పుకోలేదు ఆమె. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు. ముఖాలకు కట్టుకున్న గుడ్డలు కిందికి జారాయి. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్పుకున్నవాళ్లు, ఒంటి బాధ మాత్రం ఎవరిది వాళ్లే దాచుకున్నారు. అది బయటపడ్డాక ఇక ఎవరూ కాయ ముట్టుకోలేదు.

బయట రెండు లారీలు లోడు కోసం నిలబడి ఉన్నాయి. ముచ్చిక తీయని కాయ ఆ ఆర్డర్‌కు పనికిరాదు. ఎల్లస్వామి బతిమాలాడు, బెదిరించాడు, నర్సంపేట నుంచి వేరేవాళ్లను తెస్తానన్నాడు. "తెచ్చుకో. వాళ్లకూ ఒంటికి వస్తది," అందెవరో వెనక నుంచి. నవ్వులు లేచాయి.

మధ్యాహ్నానికి సేటు రమాకాంత్ స్వయంగా వచ్చాడు. చీటీ చూశాడు. మొగిలమ్మ ఉబ్బిన పాదాలు చూశాడు.

"పాపం, గుండె జబ్బు మనిషి. సరే, ఈమెకొక్కదానికి తాళం చెవి ఇయ్యి ఎల్లస్వామీ. మిగిలినోళ్లు పని చేసుకోండ్రి."

అందరూ మొగిలమ్మ వైపు చూశారు. ఆమెకు కావలసింది దొరికింది. అంకె తగ్గుతుంది, పరదా మీద చోటు ఉంటుంది, ప్రాణం నిలుస్తుంది. సరేనంటే చాలు. అలా అన్నందుకు తప్పుపట్టే హక్కు కూడా ఎవరికీ లేదు.

ఆమె ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగింది.

"నాకొక్కదానికి వద్దు సేటూ. నేనొక్కదాన్నే లేస్తాంటే ఎన్నిసార్లు లేస్తాన్నో అందరు చూస్తరు. రోగిష్టి ముండ ఊకె లేస్తదని నెలకే నన్ను ఎల్లగొడతరు. అందరు లేస్తే ఎవరు లేచిన్రో ఎవనికెరుక? ఇస్తే అందరికియ్యి. జర సబ్బు కూడ పెట్టియ్యి."

"జబ్బు నీకు. వాళ్లకేమైంది?"

"నాది రక్తంల దొరికింది. వాళ్లయి ఎవరు తీసి చూసిన్రు?"

సేటు లారీల వైపు చూశాడు. ఫోన్ మోగుతోంది. అది ఆగి మళ్లీ మోగింది. ఎవరి మీద దయతోనో కాదు, ఆ ఫోను కోసమే తాళం చెవి పరదా పక్కనున్న స్తంభం మేకుకు వచ్చింది. సబ్బు మర్నాడు వచ్చింది, అది కూడా సగం వాడినది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మొగిలమ్మ మొదటి మధ్యాహ్నపు గోలి అందరి ముందే మింగింది. మంగళహారతి ఒక్కటే తక్కువ. ఆమె లేచినప్పుడల్లా "అక్క పోయింది", "అక్క మళ్ల పోయింది" అని పరదా మొత్తం పాట కట్టింది. వారానికి చెప్పులు పట్టాయి. రెండో వారానికి మాటలు వచ్చాయి. ఎల్లస్వామి మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా చిట్టీ, చిట్టీ అని గుర్తుచేస్తూనే ఉన్నాడు.

మూడు వారాలకు రక్తం ఇచ్చింది. రిపోర్టు వచ్చేదాకా బెంచీ మీద ఫాతిమా చేయి పట్టుకుని కూర్చుంది. పైకి మాత్రం దవాఖాన చాయ్ మీద వంకలు పెడుతూనే ఉంది. మూడు వేలకు కాస్త పైన వచ్చింది. సగం కంటే ఎక్కువ దిగింది. పూర్తిగా దిగలేదు.

"మంచి తగ్గుదల. డోస్ పెంచడం పనిచేసింది," అన్నాడు రాజేశ్వర్ రావు.

"సార్, పాత డోసు కూడా పనిచేసేదే," అంది హారిక. తను రాసిన చీటీ ముందు పెట్టి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి కాసేపు ఆ చీటీ వైపు చూశాడు. కూర్చుని చేసే పని చేసుకోవచ్చని కాగితం మీద రాసి మొగిలమ్మ చేతికిచ్చాడు. తర్వాత వచ్చిన మనిషి సెంట్రింగ్ కూలీ. "గోలి వేసుకుంటున్నావా" అని అడిగి, ఆగి, "పని దగ్గర ఒంటికి పోయే వీలుందా?" అని అడగడం బయటికి వస్తున్న మొగిలమ్మకూ హారికకూ వినిపించింది.

కారిడార్‌లో మొగిలమ్మ హారికను ఆపింది. "నిజం చెప్పు బిడ్డా. ఇంక ఎన్నేండ్లు బతుకుత?"

"నంబర్ చూసి ఏళ్లు చెప్పలేమమ్మా. ఎక్కువుంటే ప్రమాదం ఎక్కువని చెప్తుంది, తగ్గితే తగ్గిందని చెప్తుంది. ఎందుకు పెరిగిందో మాత్రం అది చెప్పదు."

"అది మనమే చెప్పుకోవాలె గదా," అంది మొగిలమ్మ.

ఆ మర్నాడు కాగితం ఎల్లస్వామి జేబులోకి వెళ్లింది, మొగిలమ్మ పరదా మీదికి వెళ్లింది. మధ్యాహ్నం గోలి మింగి అరగంటకు లేచింది. స్తంభం దగ్గరికి పోతే మేకుకు తాళం చెవి లేదు. సేటు తీసేసుకున్నాడనే అనుకుంది. ఫాతిమా కూడా లేచి వచ్చింది. ఇద్దరూ సేటు గది వైపు విసవిసా నడిచేసరికి మూత్రశాల తలుపు తెరుచుకుని, ఎప్పుడూ చూడని ఒకామె తడి చేతులతో బయటికి వచ్చింది. ముఖానికి వీళ్లలాగే చీర ముక్క కట్టుకుని ఉంది. వీళ్లను చూసి దొంగలా నిలబడిపోయింది.

"ఏ గోదాం మనిషివమ్మా?" అని అడిగింది మొగిలమ్మ.

"ఎదురుదాంట్లకెల్లి వచ్చిన అక్కా. ఎవరో చెప్తే... తప్పైతే ఏమనుకోకు."

"మీ కాడ లేదా?"

"ఉన్నది. తాళమేసి ఉన్నది."

మొగిలమ్మ ఆమె చేతిలోంచి తాళం చెవి తీసుకుంది. "జర గీడనే ఉండు, పోకు. నేను ఒంటికి పోయొస్త. తర్వాత మీ మేస్త్రీ కాడికి పోదాం," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.